ట్యాంకూ లేకూ ఒకటేనా? ఇంగ్లీషు జంట మాటలు, ఓరుగల్లు ఉదాహరణలు

పోటీ పరీక్షల కోసం హనుమకొండ పుస్తకాల దుకాణాల్లో దొరికే ఇంగ్లీషు గైడు తెరిస్తే ఎక్కడో ఒకచోట సమానార్థకాల పట్టిక ఎదురవుతుంది. ఎడమవైపు ఒక మాట, కుడివైపు దానికి బదులుగా వాడదగినవంటూ మూడు నాలుగు మాటలు. లేక్ పక్కన పాండ్, ట్యాంక్, రిజర్వాయర్. వేజ్ పక్కన శాలరీ, ఆనరేరియం. మైగ్రెంట్ పక్కన ఎమిగ్రెంట్, ఇమిగ్రెంట్. ఒక మార్కు ప్రశ్నకు ఈ పట్టిక చాలు. పరీక్ష నెగ్గి ఏ నీటిపారుదల కార్యాలయంలోనో కార్మిక శాఖలోనో ఫైలు రాయవలసి వచ్చినప్పుడు మాత్రం అదే పట్టిక తప్పుదారి పట్టిస్తుంది.

రెండు మాటల మధ్య తేడా పట్టుకోవడానికి నిఘంటువు నిర్వచనాలను పక్కపక్కన పెట్టి చదవడం కన్నా మెరుగైన పద్ధతి ఉంది. ఒక మాట ఉన్న చోట రెండోది రాసి, ఎవరికి ఏమి మారిందో చూడాలి. ఎవరి హక్కు పోయింది, ఎవరి బాధ్యత తప్పింది, ఎవరి లెక్క తారుమారైంది? ఏమీ మారకపోతే అవి నిజంగానే సమానార్థకాలు. బిగిన్, కమెన్స్ దాదాపు అలాంటివే. మొదటిది పాత ఇంగ్లీషు మాట. రెండోది 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి దారిలో వచ్చి చేరింది. సభ బిగిన్ అయినా కమెన్స్ అయినా మొదలయ్యేది ఒకే సమయానికి. రెండోదానికి కాస్త దర్జా ఎక్కువ, అంతే. ఇలాంటి జంటల మీద పేజీలు ఖర్చు చేయనక్కర లేదు. మాట మారితే సంగతే మారిపోయే జంటలు వేరే ఉన్నాయి, వాటికి ఉత్తర తెలంగాణలో కొదవ లేదు.

మొదట నీళ్లు. వరంగల్ జిల్లాలో పాకాల, ములుగు జిల్లాలో రామప్ప, లక్నవరం. పర్యాటకుల కోసం రాసిన ఇంగ్లీషులో ఇవి సాధారణంగా లేక్‌లు. నీటిపారుదల శాఖ కాగితాల్లో ఇవే ట్యాంకులు. లేక్ అనగానే ఇంగ్లీషు పాఠకుడికి ముందుగా తోచేది ప్రకృతి సిద్ధమైన సరస్సు. ట్యాంక్ అనే మాట లండన్‌లో వింటే ఇనుప తొట్టి గానీ యుద్ధ వాహనం గానీ గుర్తుకు వస్తుంది. వాననీటిని కట్టతో ఆపి పొలాలకు వదిలే చెరువు అనే అర్థం ఆ మాటకు భారత ఉపఖండంలోనే అబ్బింది.

ఇప్పుడు ట్యాంక్ తీసి లేక్ పెట్టి చూడండి. వెంటనే నాలుగు వస్తువులు మాయమవుతాయి: కట్ట, తూము, మత్తడి, ఆయకట్టు. సరస్సును ఎవరూ కట్టలేదు కాబట్టి దాన్ని బాగుచేయవలసిన వారూ ఉండరు, దాని కింద సాగు హక్కు ఉన్న రైతులూ ఉండరు. పాకాల, రామప్ప అలాంటివి కావు. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో, గుట్టల మధ్య సందును మట్టికట్టతో మూసి నిలిపిన నీళ్లు అవి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను, కుంటలను లెక్కలోకి తీసుకున్నది కూడా వాటిని నీటిపారుదల కట్టడాలుగా చూసే. పూడికతీత అన్నది సరస్సుకు చేస్తే సుందరీకరణ. చెరువుకు చేస్తే పోయిన నిల్వను తిరిగి తెచ్చుకోవడం. రెండు పనులకు బడ్జెట్టు వేరు, కొలత వేరు.

ఇందులో కాస్త వినోదం కూడా ఉంది. స్థలాల వ్యాపారులకు లేక్ అనే మాట ఎంతో ఇష్టం, లేక్ వ్యూ అంటే గజం ధర పెరుగుతుంది. ఆ ప్లాటులో ఇల్లు కట్టుకోవచ్చా లేదా అన్నది తేల్చే గీత పేరు మాత్రం ఫుల్ ట్యాంక్ లెవల్, అంటే చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు, అందరూ ఎఫ్‌టీఎల్ అని పిలిచేది. అమ్మేటప్పుడు సరస్సు, నోటీసు వచ్చేటప్పుడు చెరువు.

రిజర్వాయర్ సంగతి వేరు. అది నీరు ఎలా వచ్చిందో చెప్పదు, ఎందుకు ఉందో చెబుతుంది: నిల్వ కోసం. దాన్ని డ్యామ్‌తో కలిపేయడం మన పత్రికల్లో మామూలే. ‘డ్యామ్ నిండింది’ అని రాస్తాం. బ్రిటన్, అమెరికా వాడుకలో డ్యామ్ అంటే అడ్డుగోడ, రిజర్వాయర్ అంటే దాని వెనక నిలిచిన నీరు. గోడ నిండదు. అయితే దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో నీటినే డ్యామ్ అనడం ఉంది కాబట్టి మన పత్రికలను మరీ తప్పుపట్టనక్కర లేదు.

తప్పుపట్టవలసింది డ్యామ్, బ్యారేజ్ ఒకటే అన్నట్టు మాట్లాడినప్పుడు. తెలుగులో ఆనకట్ట అనే మాట రెండింటికీ సరిపోతుంది కాబట్టి ఈ తేడా మనకు ఇంకా పలచగా కనిపిస్తుంది. పోచంపాడు దగ్గర 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ డ్యామ్. మొదట 112 టీఎంసీల నిల్వకు ఉద్దేశించినది. వానాకాలం గోదావరిని పట్టి ఉంచి, నెలల తరబడి కాకతీయ కాలువ గుండా కరీంనగర్, వరంగల్ వైపు వదలడం దాని పని. బ్యారేజ్ లక్ష్యం అది కాదు. అది తక్కువ ఎత్తులో, నది వెడల్పంతా గేట్లతో కట్టేది. నీటిమట్టాన్ని కొంత పెంచి కాలువలోకో పంపుహౌసులోకో మళ్లిస్తుంది. వరద వస్తే గేట్లన్నీ ఎత్తి నదిని పోనిస్తుంది. చాలా బ్యారేజీలు ఇసుక నేల మీదే ఉంటాయి. పునాది కింద నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది, ఆ ఊటతో పాటు ఇసుక కదలకుండా చూడటమే డిజైన్‌లో సగం పని. ఎత్తు పెరిగి, నిల్వ కాలం పెరిగితే పునాది కింది ఒత్తిడీ పెరుగుతుంది.

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మేడిగడ్డ బ్యారేజీకి 85 గేట్లు, 16 టీఎంసీలకు పైగా సామర్థ్యం. 2019 జూన్‌లో ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్లు, అంటే గేట్లను మోసే స్తంభాలు, కుంగాయి. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు వచ్చి చూసి ప్రణాళిక, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణ అన్నింటిలోనూ లోపాలు ఎత్తిచూపారు. ఆ తరువాత రాజకీయ వేదికల మీదా ఇంజినీర్ల మధ్యా సాగిన వాదంలో ఒక ప్రధాన ప్రశ్న ఇదే: మళ్లింపు కోసం కట్టే బ్యారేజీలో అంత నీటిని అంతకాలం నిల్వ పెట్టవచ్చా? ఎవరి పక్షం సరైనదైనా, ఆ ప్రశ్న అర్థం కావాలంటే ముందు డ్యామ్ వేరు, బ్యారేజ్ వేరు అని తెలిసి ఉండాలి.

చిత్రమేమిటంటే చట్టం ఈ తేడాను కావాలనే చెరిపేసింది. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం డ్యామ్ నిర్వచనంలోనే బ్యారేజ్‌ను, వియర్‌ను (నీరు పైనుంచి పొర్లిపోయే తక్కువ ఎత్తు అడ్డుకట్టను) చేర్చింది. అందువల్లనే జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థకు మేడిగడ్డకు వచ్చే అధికారం దక్కింది. ఇంజినీరు దగ్గర రెండు మాటలు, చట్టం దగ్గర ఒకటే. ఇక్కడ నిఘంటువును అడిగితే ఏ జవాబు వస్తుంది? ఎవరు, ఏ పని మీద మాట్లాడుతున్నారో తెలియకుండా దేన్నీ తప్పనలేము.

ఓరుగల్లు కోటలోని తోరణాలను ఇంగ్లీషులో ఆర్చ్ అనడం మరో సందర్భం. స్వయంభూ దేవాలయ శిథిలాల చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన ఈ ద్వారాలను వరంగల్ ఆర్చ్ అనే రాస్తుంటారు. కానీ నిర్మాణ శాస్త్రంలో ఆర్చ్ అంటే వంపు తిరిగిన కమాను. అంచులు కోసిన రాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ బరువును పక్కలకు నెడతాయి. తోరణంలో ఆ సూత్రమే లేదు. నిలువు స్తంభాలు, వాటి నుంచి ముందుకు వచ్చిన బోదెలు (బ్రాకెట్లు), పైన అడ్డంగా పరిచిన రాతి దూలాలు, అంతే. బరువు తిన్నగా కిందికి దిగుతుంది. ఇంగ్లీషులో దీనికి గేట్‌వే సరైన మాట. ఆ అడ్డరాయికి లింటెల్ అనే పేరు ఉంది. మన మేస్త్రీలకు అది బాగా తెలుసు.

తేడా పేరుతో ఆగిపోదు. రాయి నొక్కుడును ఎంతైనా భరిస్తుంది, వంగడాన్ని భరించదు. దూలం మధ్యలో కింది అంచున పగుళ్లు వస్తాయి. కమాను పక్కల ఊతం కదిలినప్పుడు విడిపోతుంది. మరమ్మతు చేయవలసిన వారు ఎక్కడ చూడాలన్నది ఇది దూలమా కమానా అన్నదాని మీదే ఆధారపడుతుంది. నిజమైన కమానులు చూడాలంటే దూరం పోనక్కర లేదు. తోరణాలకు దగ్గరలోనే ఉన్న ఖుష్ మహల్ లోపలి కమానులు, కాకతీయుల తరువాతి పాలకుల పద్ధతిలో, కొస తేలి ఉంటాయి. రాష్ట్ర చిహ్నంలోనూ రెండూ ఉన్నాయి: కాకతీయ కళాతోరణం, దాని నడుమ చార్మినార్. ఆ రెండింటిలో ఆర్చ్‌లున్నది చార్మినార్‌కే. ఊరి మొదట్లో కట్టే సిమెంటు ద్వారాన్ని కూడా మనం ఆర్చి అనే అంటున్నాం కాబట్టి తెలుగులో ఆ మాట ఇప్పటికే వెడల్పయిపోయింది. తెలుగులో దానికి అడ్డు చెప్పవలసిన పని లేదు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి.

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు వస్తే కాటన్ అనే ఒక్క మాట మొక్కను, గింజతో ఉన్న పత్తిని, గింజ తీసిన దూదిని, చివరికి గుడ్డను కూడా మోస్తుంది. వ్యాపారంలో వాటిని విడదీస్తారు. రైతు తెచ్చేది కపాస్, దాన్ని ఇంగ్లీషులో సీడ్ కాటన్ అంటారు. జిన్నింగ్ మిల్లు నుంచి బయటికి వచ్చేది లింట్. అంతర్జాతీయ ధరలు, 356 కిలోల క్యాండీ ధరలు అన్నీ లింట్‌వే. 2025-26కు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర, క్వింటాలుకు 8,110 రూపాయలు, కపాస్‌ది. ఫోనులో లింట్ ధర కిలో 150 రూపాయలని చూసి, ఇక్కడ కిలోకు 81 రూపాయలే ఇస్తున్నారు, సగం దోచేస్తున్నారు అనుకుంటే లెక్క తప్పినట్టే. క్వింటాలు కపాస్ నుంచి వచ్చే లింట్ సుమారు మూడో వంతు. 34 కిలోలు వచ్చిందనుకుంటే ఆ ధరకు 5,100 రూపాయలు. మిగతాది గింజ ధర నుంచి రావాలి. దోపిడీ లేదని కాదు. దాన్ని నిరూపించాలంటే తూకంలో రెండువైపులా ఒకే సరుకు ఉండాలి.

ఆ మార్కెట్‌లోనే ఇంకో జంట వినిపిస్తుంది: మాయిశ్చర్, హ్యుమిడిటీ. మనకు రెండూ తేమే. మాయిశ్చర్ వస్తువులో ఉండే నీటి శాతం, హ్యుమిడిటీ గాలిలోది. భారత పత్తి సంస్థ మద్దతు ధర మొత్తం ఇచ్చేది 8 శాతం మాయిశ్చర్‌కు. 12 వరకు ధరలో కోతతో కొంటారు, దాటితే కొనరు. నవంబరు మంచులో హ్యుమిడిటీ పెరిగితే బస్తాలోని మాయిశ్చరూ పెరుగుతుంది. ఒకటి కారణం, మరొకటి ఫలితం. కోత పడేది మాత్రం ఫలితానికే, అంటే మాయిశ్చర్‌కే.

కార్పెట్, డరీ గురించి ఒక మాట. వరంగల్ ఈ రెండింటికీ పేరున్న ఊరే. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఇక్కడి కార్పెట్లు వెళ్లాయి. 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది మాత్రం వరంగల్ డరీలకు, అంటే మనం జంపఖానాలనే వాటికి. కార్పెట్‌కు ముడులు వేసి లేపిన కుచ్చు ఉంటుంది. డరీ రెండువైపులా చదునుగా ఉండే నేత. అమ్మకపు చీటీ మీద ఒకటి రాసి ఇంకొకటి ఇస్తే అది మోసం కిందికి వస్తుంది.

డబ్బు చెల్లింపుల మాటల్లో తేడా ఇంకా పదునుగా తగులుతుంది. వేజ్ పనికి, రోజుకు, చేసిన వస్తువుకు లెక్క. జగిత్యాల, నిజామాబాద్‌ వైపు బీడీలు చుట్టే మహిళలకు వెయ్యి బీడీలకు ఇంత అని ఇచ్చేది అదే. శాలరీ నెలకు స్థిరంగా వచ్చేది. ఆనరేరియం అసలు అర్థం ప్రకారం జీతమే కాదు, స్వచ్ఛంద సేవకు గౌరవంగా ఇచ్చే సొమ్ము. తెలుగులో గౌరవ వేతనం అంటున్నాం. వేతనం అనే మాట అందులో ఉంది కాబట్టి మనకు అనుమానం రాదు. ఇంగ్లీషు మాటలో వేతనం అనే ఛాయే లేదు. అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చేది ఆనరేరియం అని రాస్తే ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు. ఉద్యోగి కాకపోతే గ్రాట్యుటీ ఎక్కడిది? గుజరాత్ అంగన్‌వాడీ కార్యకర్తల కేసులో ఈ వాదనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్ 25న కోర్టు దాన్ని తోసిపుచ్చింది. పేరు ఏదైనా, ఆ చెల్లింపు 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం వేజెస్ కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. ఆనరేరియం అనే మాట ఎంపిక అమాయకమైనదని ఆ తీర్పు చదివాక అనుకోవడం కష్టం.

వలస మాటలు ఈ ప్రాంతానికి అన్నింటికన్నా దగ్గరివి. తెలుగులో పోయినా వచ్చినా వలసే. ఇంగ్లీషు దిక్కును బట్టి విడదీస్తుంది. మైగ్రేట్‌కు దిక్కు లేదు. ఎమిగ్రేట్ అనేవారు బయలుదేరిన ఊరిలో నిలబడి చూస్తున్నారు, ఇమిగ్రేట్ అనేవారు చేరిన ఊరిలో. ఇంతవరకు గైడ్లలోనూ దొరుకుతుంది. అయితే ఒకే మనిషికి రెండు పేర్లూ వర్తించాలి కదా అనుకుంటే పొరపాటు. జగిత్యాల నుంచి దుబాయికి పనికి వెళ్లిన మనిషి 1983 నాటి భారత ఎమిగ్రేషన్ చట్టం దృష్టిలో ఎమిగ్రెంట్. ఎమిరేట్స్‌లో అతను ఇరవై ఏళ్లు పనిచేసినా ఇమిగ్రెంట్ కాడు. వీసా ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది, పౌరసత్వం అతనికి అందేది కాదు. అక్కడి అధికార భాషలో విదేశీయులందరూ ఎక్స్‌పాట్రియేట్లే. వాడుకలో మాత్రం ఎక్స్‌పాట్ అంటే అద్దాల మేడలో కూర్చునే ఇంజినీరు. ఆ అద్దాలు బిగించేవాడు మైగ్రెంట్ వర్కర్. ఇద్దరూ ఒకే విమానం దిగి ఉండవచ్చు. ఈ తేడా ఏ చట్టంలోనూ లేదు, జీతాల్లోనే ఉంది.

అమెరికా వైపు చూస్తే తలకిందులైన మరో లెక్క. వరంగల్ ఎన్‌ఐటీలో చదివి హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద వెళ్లిన ఇంజినీరును ఇక్కడ అందరూ అమెరికాలో స్థిరపడ్డాడనే అంటారు. అమెరికా చట్టం అతని వీసాను నాన్ ఇమిగ్రెంట్ తరగతిలో పెడుతుంది. విద్యార్థి వీసా కూడా అదే తరగతి, పైగా దానికి ఇంకో మెలిక. ఆ దేశపు ఇమిగ్రేషన్ చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం దరఖాస్తుదారు ఇమిగ్రెంట్ కాదని తనే నిరూపించుకునేదాకా ఇమిగ్రెంట్ అనే భావిస్తారు. హెచ్-1బికి ఈ భారం లేదు, విద్యార్థికి ఉంది. ఇక్కడే సెటిల్ అనే మాట ప్రమాదకరం. తెలుగులో పిల్లలు సెటిల్ అయ్యారంటే మంచి ఉద్యోగం వచ్చి కుదురుకున్నారని. ఇంగ్లీషులో ఒక దేశంలో సెటిల్ కావడమంటే అక్కడే శాశ్వతంగా ఉండిపోవడం. ‘చదువు అయ్యాక సెటిల్ అవుతాను’ అని ఇంటి అలవాటు కొద్దీ ఇంగ్లీషులో చెప్పే విద్యార్థి ఉద్యోగం గురించి చెబుతుంటాడు. వీసా ఇంటర్వ్యూలో కిటికీ అవతలి అధికారికి అది ఆ సెక్షన్ కింద తిరస్కరించడానికి కారణంలా వినిపిస్తుంది. స్టే, లివ్, సెటిల్ మూడింటినీ ఒకే వరుసలో పెట్టిన పట్టిక ఆ విద్యార్థికి చేసిన మేలు ఏమీ లేదు.

గల్ఫ్‌కు తిరిగి వస్తే అసలు నష్టం చేసే మాట విజిట్. పదో తరగతి దాటని వారి పాస్‌పోర్టును ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) తరగతిలో పెడతారు. అలాంటి వారు 18 దేశాలలో దేనికైనా పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి, దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు వచ్చే బీమా అది. తొందరపెట్టే ఏజెంటు విజిట్ వీసా తెచ్చి, వెళ్లాక మార్చుకోవచ్చు, ఏ వీసా అయితే ఏమిటి అంటాడు. విజిట్ వీసా మీద విమానం ఎక్కిన మనిషి కాగితం మీద సందర్శకుడు, పనికి వెళుతున్న ఎమిగ్రెంట్ కాడు. అనుమతి అడిగేవారు ఉండరు, కాబట్టి బీమా కూడా కట్టరు. వెళ్లేవారు వీసా కాగితం మీద ఎంప్లాయ్‌మెంట్ అని ఉందో విజిట్ అని ఉందో చదివించుకోవాలి. ఆ ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉచితంగానే చూడవచ్చు.